మూడు వరసల కుట్టు

పోయిన వేసవిలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికని మా కోడలు నాకొక జాకెట్టు ఫోనులోనే కుట్టించింది. కుట్టించింది అంటున్నాను గానీ ఆ కుట్టిన మనిషి ఎవరో, ఏ ఊళ్ళో ఉంటారో మాకెవరికీ తెలియదు. ఒకరోజు పొద్దున టేపు పట్టుకొచ్చి నన్ను హాల్లో నిలబెట్టి, భుజం ఇంత, ఛాతీ ఇంత, నడుం ఇంత అని కొలుచుకుని, ఆ అంకెలన్నీ ఫోనులో నొక్కింది. కొద్దిరోజులకే అట్టపెట్టెలో జాకెట్టు ఇంటికొచ్చింది. వేసుకుంటే ఎక్కడా ముడత లేకుండా ఒంటికి అతికినట్టు సరిపోయింది. మా వాడూ కోడలూ మెచ్చుకున్నారు, నేనూ బాగుందన్నాను. బాగానే ఉంది మరి, లేని వంక ఎక్కడినుంచి తెస్తాను. కాకపోతే ఒక వయసంతా మిషను తొక్కిన దాన్ని, కొత్త జాకెట్టు చేతికొస్తే తిరగేసి లోపలి కుట్టు చూడకుండా ఉండలేను. తిరగేశాను. పక్క కుట్ల లోపల వేలెడు బట్ట కూడా వదల్లేదు. కుట్టుకి ఆనించి కత్తిరించేసి, అంచు వెంట దారం అల్లేశారు. రేపు వదులు చేసుకోవాలంటే ఇందులో ఏముందే అమ్మా అన్నాను. వదులెందుకత్తయ్యా, కరెక్టుగా సరిపోయిందిగా అంది కోడలు. దానికి ఆ పూట నా దగ్గర జవాబు లేకపోయింది. కొలిచే ముందు, ఆది పంపక్కర్లేదా అని నేనడిగితే, ఆది అంటే ఏంటత్తయ్యా అన్న పిల్ల అది. పుట్టి పెరిగింది బెంగుళూరులో, దాని తప్పేం లేదు.

మన ఈడు ఆడవాళ్ళకి ఆది జాకెట్టంటే విడమరిచి చెప్పే పని లేదు. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి ప్రతి ఇంట్లోనూ విడిగా దాచి ఉంచుకునేవాళ్ళం. కొత్త గుడ్డ కొన్నప్పుడల్లా దాన్ని గుడ్డలో పెట్టి చుట్టి, మెడ కాస్త దించమనో, చేతులు మోచేతి దాకా పెట్టమనో ఒక ముక్క చెప్పి, ఆ వైపు పోయేవాళ్ళెవరి చేతికో ఇచ్చి కుట్టే ఇంటికి పంపేవాళ్ళం. టేపు పెట్టి ఒళ్ళు కొలిపించుకోవడానికి మా పల్నాటి ఆడవాళ్ళు చచ్చినా ఒప్పుకునేవాళ్ళు కాదు, కుట్టేది సాటి ఆడదైనా సరే. అందుకని మనిషి రాదు, మనిషి తొడుక్కున్న జాకెట్టు వస్తుంది. ఆ జాకెట్టే వచ్చి మనిషి సంగతంతా చెబుతుందని మాత్రం ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

మాది మాచర్ల. మా ఆయన నాపరాళ్ళ పాలిష్ మిల్లులో పనిచేసేవాడు. ఎనభైల మొదట్లో, మా పెద్దాడు ఇంకా పాకుతున్న రోజుల్లో, లారీకి రాళ్ళెత్తుతుండగా నడుం పట్టేసి మంచానపడ్డాడు. ఇక బరువు ముట్టుకోవడానికి వీల్లేదన్నారు డాక్టరు గారు. రాళ్ళ మిల్లులో బరువు ముట్టుకోని పని ఏముంటుంది? మా అన్నయ్య వచ్చి, ఆయన నడుం కుదుటపడేదాకా పుట్టింటికి రమ్మన్నాడు. రానన్నాను. నాకు అప్పటికి వయసు తక్కువే గానీ మొండితనం మాత్రం ఇప్పుడున్నంతా అప్పుడూ ఉంది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళిచ్చిన కుట్టుమిషను ఒకటి దుప్పటి కప్పుకుని మూల పడి ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి, వీధిలో పోయేవాళ్ళకి కనబడేటట్టు వసారాలో పెట్టాను. కోడలు వీధి మొగాన కూర్చుని మిషను తొక్కితే నలుగురూ ఏమనుకుంటారని మా అత్తగారు మూతి ముడిచింది. ఆ నలుగురూ తలా ఒక జాకెట్టు తెస్తే నాకదే చాలన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది, ఆ నవ్వునే నేను ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను.

ఒప్పుకుందే గానీ ఒక్క షరతు పెట్టింది. మా అత్తగారు చదువుకోలేదు, ఊరు దాటింది తక్కువ, అయినా మనుషుల సంగతి బాగా ఎరిగిన మనిషి.

"ఊరోళ్ళ ఒళ్ళన్నీ నీ చేతికొస్తయ్యి. నువ్వు చూసింది నీ కడుపులోనే ఉంచుకో. ఒక్కమాట బైటికి పోయిందా, మిషను మీద మళ్ళా దుప్పటి కప్పుకోవాల్సిందే" అంది.

ఆవిడ ఎందుకంతగా చెప్పిందో కుట్టడం మొదలుపెట్టాక తెలిసొచ్చింది. ఏ ఆది తిరగేసినా ఏదో ఒకటి చెప్పేది. బిందె ఏ చంకన పెడతారో ఆ పక్క నడుం దగ్గర బట్ట నలిగిపోయి ఉండేది. ఉక్సులు ఊడితే కుట్టుకోవడానికి తీరిక లేక పిన్నీసులతో నెట్టుకొచ్చే ఇల్లాలి జాకెట్టు చూస్తే ఆ ఇంట్లో చాకిరీ అంతా ఒక్కతే చేస్తోందని తెలిసేది. కర్పూరం వాసన కొట్టే ఆది అయితే, అది పెట్టెలోంచి పండగనాడే బైటికొస్తుందని లెక్క. లారీల మెకానిక్ భాయ్ ఒకాయన వాళ్ళమ్మ జాకెట్లు తానే తెచ్చేవాడు, తెచ్చినంతసేపూ మొహం గోడవైపు పెట్టుకుని నిలబడేవాడు. సంచి మీద గ్రీజు వేలిముద్రలుండేవి గానీ లోపలున్న ఆది మాత్రం మల్లెపువ్వంత తెల్లగా ఉండేది. ఆ పెద్దమ్మ చిరుగు పట్టిన చోటల్లా తన చేత్తో వేసుకున్న కుట్లు నా మిషను కుట్టుకన్నా సన్నంగా ఉండేవి. ఆవిడ ముఖం నేను చాన్నాళ్ళదాకా చూడలేదు, అయినా ఆవిడంటే భయం ఉండేది, ఆవిడ జాకెట్టు అంచు మడిచి కుట్టేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకునేదాన్ని.

ఇంకో కొత్త కోడలుండేది. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పుకోలేదు గానీ ఉక్సుల పట్టీ కాస్త బైటికి జరిపి కుట్టుకున్న ఆది పంపింది. నేనేం అడగలేదు. లోపల మామూలుగా వదిలేదానికన్నా ఎక్కువ బట్ట వదిలి కుట్టి పంపాను. తర్వాత బావి దగ్గర కనబడితే సిగ్గుపడి నవ్వింది, నేనూ నవ్వాను. మా ఇద్దరి మధ్య మాటలంటే అంతే. ఆ రోజుల్లో మా వీధిలో సగం సంగతులు అట్లాగే నోరు విప్పకుండా నడిచిపోయేవి.

ఇక ఎదురింటి పిన్ని సంగతికి వస్తాను, అసలు చెప్పాలని కూర్చుంది దాని గురించే. ఆవిడ మా పుట్టింటి ఊరి మనిషి, ఆ వరస పట్టుకుని పిన్ని అనేదాన్ని. వాళ్ళ అమ్మాయి నన్ను అక్కా అనేది. ఆ చెల్లెలికి పిడుగురాళ్ళ పక్కన సున్నపు బట్టీల దగ్గర పనిచేసే కుటుంబంలో ఇచ్చారు, అప్పటికి ఒక పిల్లాడు. బొద్దుగా, నవ్వితే బుగ్గలు పైకి లేచే పిల్ల. కూతురు అత్తారింటికి పోయినా దాని ఆది జాకెట్టు మాత్రం పిన్ని తన దగ్గరే ఉంచుకుంది. మా వైపు తల్లులకిది అలవాటు. పండక్కి గుడ్డ కొని, ఆ పెళ్ళి నాటి ఆదితో కుట్టించి, బస్సులో ఎవరి చేతో పంపించేది. ఆది మారలేదు కాబట్టి కూతురూ మారలేదనే ఆవిడ నమ్మకం. కుట్టి ఇచ్చేదాన్ని నేనూ అట్లాగే అనుకున్నాను.

ఒక ఏడాది మాఘమాసంలో ఆ ఆదిని ఎలుకలు కొరికేశాయి. శివరాత్రికి వాళ్ళవాళ్ళు కట్టే ఎత్తయిన ప్రభ బండి వెంట కోటప్పకొండ తిరునాళ్ళకి పోవాలి, కూతురూ అల్లుడూ కూడా వస్తామన్నారు. దానికి ఆకుపచ్చ జాకెట్టు ముక్క తీసింది పిన్ని. ఆది లేదు గనక, నీ ఒంటి మీది జాకెట్టు ఒకటి పంపమని కూతురికి కబురు పెట్టింది. బట్టీల నుంచి వచ్చే చుట్టం ఒకాయన దాన్ని తెచ్చిచ్చాడు. తెచ్చింది తెచ్చినట్టే పిన్ని నా మిషను మీద పెట్టి, తొందరగా కుట్టమని చెప్పి పోయింది.

అది నేను కుట్టిన జాకెట్టే, కిందటి శివరాత్రికి. నా కుట్టు నాకు తెలియదూ. తిరగేసి చూస్తే, నా పక్క కుట్టుకి లోపలగా చేతి కుట్టు ఒక వరస వేసి ఉంది. దానికి ఇంకా లోపలగా మరో వరస. దానికీ లోపలగా మూడోది. మొదటి వరస జాకెట్టు రంగు దారంతో సన్నగా, వరస తప్పకుండా ఉంది. రెండోదానికి తెల్లదారం దొరికినట్టుంది, కుట్లు కాస్త దూరం దూరంగా పడ్డాయి. మూడోది నల్లదారంతో వేసింది, అది వంకర టింకరగా పోయి చంక దగ్గర మధ్యలోనే ఆగిపోయి ఉంది, అక్కడ పిన్నీసు పెట్టుకున్న బెజ్జాలున్నాయి. చంకల కింద ఉప్పు చారలు గీతలు గీతలుగా ఎండిపోయి ఉన్నాయి. పొద్దున లేస్తే చలికి వణికే రోజులవి, అంత చెమట ఎందుకు పడుతుంది? జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని మిషను ఆపేశాను.

ఎందుకంటే నేనిది ఒకసారి చూశాను. మా చిన్న మేనత్త ఇట్లాగే జాకెట్ల పక్కలు బిగించుకుంటూ బిగించుకుంటూ పోయింది. సాయంత్రం పూట కాస్త వెచ్చబడేది, దగ్గేది, మళ్ళీ లేచి పనిచేసుకునేది. పోయాక అందరూ అన్నమాట ఒకటే, అంత చిక్కిపోయినట్టు మాకు కనబడలేదే అని. ఎట్లా కనబడుతుంది? చిక్కినప్పుడల్లా బట్ట బిగించుకుంటే ఒంటికి సరిగ్గానే ఉంటుంది, పైన పైట నిండుగా కప్పుకుంటుంది. వదులుగా వేలాడే జాకెట్టుంటే కదా నలుగురి కళ్ళూ పడేది. అప్పుడు నేను చిన్నపిల్లని, ఏం చేయలేకపోయాను. ఈసారి జాకెట్టు నా చేతిలోకే వచ్చింది, ఇక ఊరుకునేది లేదనుకున్నాను.

పిన్ని దగ్గరికి పోయి, మెల్లగానే చెప్పాను. చెల్లెలు చానా చిక్కినట్టుంది పిన్నీ, ఒకసారి పోయి చూసిరా, డాక్టరుకి చూపించు అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఏందే నువ్వు చెప్పేది? మొన్న దసరాకి నా కళ్ళతో చూసొచ్చా. పిల్లాణ్ణి కన్నాక ఎవరి ఒళ్ళయినా తగ్గుద్ది. నీ మిషను నువ్వు తొక్కుకో, నా పిల్లకి లేని రోగాలు అంటగట్టమాక."

అని, నా వెనకే వచ్చి మిషను మీదున్న గుడ్డా ఆదీ రెండూ తీసుకుపోయింది. ఆవిడ కోపం నాకు అర్థమైంది. ఆ రోజుల్లో క్షయ అనే మాట ఇంటి గుమ్మంలో వినబడితే చాలు, ఆ ఇంట మంచినీళ్ళు తాగడానికి కూడా జనం వెనకాడేవాళ్ళు. ఆ మాట నేను అనకపోయినా ఆవిడకి వినబడింది. అంతటితో ఆగితే బాగుండేది, నేను జాకెట్లు చూసి జనం మీద మాటలు పుట్టిస్తున్నానని వీధంతా పాకింది. మర్నాడు మెకానిక్ భాయ్ తప్ప ఎవరూ గుడ్డ తేలేదు. తర్వాత రోజు ఆయన కూడా రాలేదు. వసారాలో ఖాళీ మిషను ముందు కూర్చుని కాలు ఊరికే ఆడించుకుంటుంటే, లోపల మంచం మీద మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆ మిషను ఆగితే మా పొయ్యి ఆగినట్టే, అది ఇద్దరికీ తెలుసు.

మా అత్తగారు ఇక మొదలుపెడుతుంది, నేను ముందే చెప్పానా అంటుంది అనుకున్నాను. ఆవిడ మాత్రం వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. నిజంగానే పిల్లకి బాగాలేదా అనడిగింది. మూడు వరసల సంగతీ, మా మేనత్త సంగతీ చెప్పాను. నములుతున్న వక్క ఊసేసింది.

"నేను నోరు మూసుకోమంది ఊసుపోని కబుర్లకి. ఇది పిల్ల పానం. చెవులకి చెప్తే ఏ తల్లీ నమ్మదే. కళ్ళకి చూపించిరా పో" అంది.

కత్తెర తీసుకుని ఎదురింటికి పోయాను. పిన్ని పంచలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. నేను తిట్టించుకోవడానికే వచ్చాను పిన్నీ, కానీ ఆ జాకెట్టు ఒక్కసారి ఇవ్వు, ఏం మాట్లాడను, నువ్వు చూడు చాలు అన్నాను. నా మొహంలో ఏం కనబడిందో, దండెం మీది నుంచి తీసి విసిరినట్టు ఇచ్చింది. ఆవిడ ఎదురుగా చతికిలబడి, జాకెట్టు తిరగేసి, నల్లదారం తెంపి లాగాను. పక్క కాస్త విచ్చుకుంది. తెల్లదారం తెంపాను, ఇంకాస్త విచ్చుకుంది. మూడోది లాగేసరికి నా కుట్టు దాకా బట్ట పరుచుకుంది. ఆ ఖాళీలో నా నాలుగు వేళ్ళు ఆనించి చూపించాను. రెండో పక్కా అంతే.

"ఇది నేను కుట్టిన కుట్టు పిన్నీ. పోయిన శివరాత్రికి నీ కూతురు ఇక్కడిదాకా ఉంది. ఇప్పుడు ఇక్కడుంది. ఈ మధ్యలో ఉన్న పిల్ల ఎటుపోయింది?"

పిన్ని మిరపకాయల కారం అంటిన వేలు చీరకి తుడుచుకుని, దారం లాగేసిన చోట మిగిలిన సూది బెజ్జాల వెంట మెల్లగా పోనిచ్చింది. మొదటి వరస నేను నేర్పిన కుట్టే, చిన్నప్పుడు నా దగ్గర కూర్చుని నేర్చుకుంది అంది పిన్ని. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది, కూతురికి సూది పట్టే ఓపిక కూడా లేకపోయిందని ఆ తల్లికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కాసేపు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాక ఆవిడ మళ్ళీ ఏడవగా నేను చూడలేదు. పొద్దున ఫస్టు బస్సుకి పోతన్నా, నువ్వూ రా అంది. పిల్లాణ్ణి మా అత్తగారికి అప్పజెప్పి నేనూ బయల్దేరాను.

ఆ బట్టీల దగ్గర చెట్టూ చేమా ఇంటికప్పులూ అన్నీ తెల్లగా ఉండేవి. అక్కడ ప్రతివాళ్ళూ దగ్గుతూనే మాట్లాడుతున్నారు. దానితో మా చెల్లెలి దగ్గు ఎవరి చెవికీ విడిగా వినబడలేదు. వాళ్ళ అత్తగారు చెడ్డ మనిషేం కాదు, దగ్గేగా వదినా, బట్టీల కాడ దగ్గని వాళ్ళెవరని నిజంగానే అడిగింది. చెల్లెలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. పైట భుజాల చుట్టూ కప్పుకుని ఉంది, పైకి చూస్తే ఏమీ తెలియడం లేదు. నన్ను చూసి మొదట అడిగింది ఏమిటనుకున్నారు, జాకెట్టు ఆది సరిపోలేదా అక్కా అని. పిన్ని కూతురి చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి.

"మాట్లాడమాక. చీర మార్చుకో, ఆస్పత్రికి పోదాం" అంది పిన్ని.

ఎందుకు దాచావని తర్వాత అడిగితే చెల్లెలు చెప్పింది, జబ్బని తెలిస్తే పిల్లాణ్ణి తన దగ్గర ఉండనివ్వరేమోనని భయపడ్డదట. నరసరావుపేటలో ఎక్స్‌రే తీయించాం. క్షయే. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణని, మందులు మధ్యలో మానకుండా వాడితే మనిషి దక్కుతుందని డాక్టరు గారు పిన్నికి రెండు మూడుసార్లు చెప్పారు. ఆ మానకుండా అన్నమాట పిన్ని కొంగున ముడేసుకుంది. కూతుర్నీ మనవణ్ణీ తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. అల్లుడు బట్టీలో సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వసారాలో కూర్చుని పోయేవాడు. పిల్లాడికి పరీక్షలు చేయిస్తే దేవుడి దయవల్ల ఏమీ లేదన్నారు. వీధిలో కొందరు ఆ ఇంటి ముందు నడవడం మానేసి అవతలి పక్కగా పోయేవాళ్ళు. పిన్ని పట్టించుకోలేదు. సూదులకి సూదులు, బిళ్ళలకి బిళ్ళలు, గుడ్లు, పాలు, అన్నీ వేళకి జరిగాయి. ఏ మందు ఏ పూటో ఆవిడ నోటికే ఉండేది. వాంతులవుతున్నాయని చెల్లెలు బిళ్ళ పక్కన పెడితే, పిన్ని మింగేదాకా ఎదురుగా కూర్చుని కదిలేది కాదు.

శివరాత్రికి కొండకి పోవడం ఎట్లాగూ కుదరదు. అయినా నేను పోయి ఆ ఆకుపచ్చ ముక్క ఇవ్వమన్నాను. ఇప్పుడెందుకులే అంది పిన్ని. ఇప్పుడే కావాలన్నాను. నాకు ఒకటే ఆలోచన. పాత కొలతకి కుడితే జాకెట్టు వేలాడిపోతుంది, అద్దంలో చూసుకున్నప్పుడల్లా పిల్లకి తన చిక్కిన ఒళ్ళే కనబడుతుంది. ఇప్పటి కొలతకి కత్తిరించేస్తే, నువ్విక ఇంతేనని నేను తేల్చి చెప్పినట్టవుతుంది. అందుకని నిండు ఒంటికి కత్తిరించి పక్కలు కుట్టేసి, ఆపైన ఉన్న ఒంటికి బిగించాను. మిగిలిన బట్టంతా పక్కల లోపలే మడిచి, ఒక్కొక్కటి కాస్త ఎడంగా మూడు వరసలు మిషను కుట్టు వేశాను. ఆ పిల్ల లోపలికి ఏ దారిన వచ్చిందో ఆ దారినే బైటికి పోవాలి. అంత పట్టుదలగా నేను మళ్ళీ ఏ జాకెట్టూ కుట్టలేదు.

పోయి చేతిలో పెట్టాను, ఏమీ చెప్పలేదు. చెల్లెలు తిరగేసి చూసింది. మూడు వరసల మీదా వేలు పెట్టి చూసి, తలెత్తి నా వైపు చూసి, మడిచి దిండు కింద పెట్టుకుంది. అర్థమైందో లేదో నాకు తెలియలేదు. ఎండాకాలం చివర్లో ఒకరోజు నేను మిషను మీదుండగా వీధి అవతల నుంచి పిలిచి, తెగిన ఆకుపచ్చ దారం ముక్క ఒకటి పైకెత్తి చూపించి నవ్వింది. మొదటి వరస విప్పిందన్నమాట. వానలు వెనకబట్టాక రెండోది విప్పింది. మూడోది నా వసారాలోనే కూర్చుని, నా కత్తెరతో విప్పింది. మరుసటి శివరాత్రికి మేమంతా కోటప్పకొండకి పోయాం. ప్రభల ముందు డప్పులు మోగుతుంటే, ఆ తొక్కిసలాటలో, కొండ మెట్ల మీద నాకన్నా ముందు ఎక్కుతున్న ఆ పిల్ల ఆగి, చెయ్యి పైకెత్తి నాకు పక్క చూపించింది. ఆకుపచ్చ గుడ్డ మీద విప్పిన కుట్ల బెజ్జాలు మూడు గీతలుగా కనబడుతున్నాయి. నేను ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను, అంతకుముందు ఏడవడానికి తీరిక దొరకలేదు.

నా మిషను సంగతంటారా, ఆగలేదు. కొన్నాళ్ళు తగ్గినమాట నిజమే గానీ, తర్వాత ఆడవాళ్ళు ఆది ఇంకొకరి చేత పంపడం మానేసి తామే తీసుకొచ్చి, మిషను పక్కన కూర్చుని, నేను తిరగేసి చూస్తున్నంతసేపూ నా మొహంలోకి చూసేవాళ్ళు. నేనేం మాట్లాడకపోతే గుండెల మీద చెయ్యేసుకుని పోయేవాళ్ళు. అట్లా ఆ మిషనే మా ఆయన్ని మళ్ళీ లేపి నిలబెట్టింది, పిల్లల్ని చదివించింది. నరసరావుపేటలో మా వాడు కట్టిన ఈ ఇంటికి వచ్చేటప్పుడు ఆ మిషను కూడా మాతోపాటే వచ్చింది, ఇప్పుడు దానిమీద పూలకుండీ పెట్టారు.

ఇప్పుడు ఎవరి సంగతి ఎవరికి తెలియాలన్నా ఫోనుంది. రోజూ పొద్దున్నే అందరూ బాగున్నామని పువ్వుల బొమ్మలు పంపించుకుంటారు, నేనూ పంపిస్తాను. చిక్కిన మనిషి కూడా అదే పువ్వు పంపిస్తుంది. దండెం మీద ఆరేసిన బట్ట చూసి, గుమ్మం ముందు చెప్పులు చూసి, ఆది జాకెట్టు చూసి మనిషిని కనిపెట్టే రోజులు పోయాయి, దండేలే పోయాయి. దాని గురించి గొణగడం నాకిష్టం లేదు. మా కోడలు మంచిది, ఒళ్ళు కొలిచేటప్పుడు చెయ్యి తగిలితే సారీ అత్తయ్యా అంటుంది. అది రాసుకున్న అంకెలు చూసి, మనిషి నిరుటికన్నా తగ్గిందని చెప్పే నాథుడు మాత్రం ఆ ఫోనులో లేడు.

ఆ పెళ్ళికి మా చెల్లెలు వచ్చింది. ఇప్పుడు ముగ్గురు మనవళ్ళ నాయనమ్మ, మళ్ళీ బొద్దుగానే ఉంది. పెళ్ళిలో నా కొత్త జాకెట్టు బాగుందనే అంది. రాత్రికి మా ఇంట్లోనే పడుకుని, పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి నా పక్కన కూర్చుంది. నా ఒంటి మీద ఇంట్లో తొడుక్కునే పాత జాకెట్టుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాచి, నా పక్క కుట్టు దగ్గర బట్టని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. నాలుగు వేళ్ళ బట్ట దాని చేతిలోకి వచ్చింది. దాని మొహం మారిపోయింది.

"ఎప్పట్నించక్కా ఇట్టా?"

వయసు మీద పడట్లా, ఒళ్ళు తగ్గదా అని నేను నవ్వేశాను. లేదు చిన్నత్తయ్యా, నిన్నటి జాకెట్టు సరిగ్గా సరిపోయిందిగా అంది మా కోడలు. అందుకేనమ్మా ఎవరికీ తెలవలా అంది మా చెల్లెలు. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది. మాట్లాడమాక, చీర మార్చుకో, ఆస్పత్రికి పోదాం అంది. వాళ్ళమ్మ గొంతు నా చెవిలో పడ్డట్టయింది, కిక్కురుమనకుండా లేచి చీర మార్చుకున్నాను.

షుగరు. చానా ఎక్కువగా ఉందట, ఎన్నాళ్ళనుంచో. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే కళ్ళకో కాళ్ళకో వచ్చేదన్నారు. బిళ్ళలిచ్చారు, తిండి మార్చారు. మా కోడలు పక్కకి పోయి ఏడ్చింది, నేనే కొలిచాను కదా అత్తయ్యా, నాకెందుకు తెలియలేదని. దగ్గరికి తీసుకున్నాను. వెళ్ళేటప్పుడు మా చెల్లెలు నా పాత జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకుపోయింది. ఎందుకే అంటే నవ్వేసి బస్సెక్కింది.

కిందటి వారం బస్సు పార్సిల్లో ఒక పొట్లం వచ్చింది. ఆకుపచ్చ జాకెట్టు, వాళ్ళ ఊళ్ళో ఎవరో అమ్మాయి చేత దగ్గర కూర్చుని కుట్టించిందట. తిరగేశాను. రెండు పక్కలా బోలెడు బట్ట లోపలికి మడిచి, మూడేసి వరసల కుట్టు. మా కోడలు పక్కకి వచ్చి చూసి, ఇన్ని కుట్లెందుకత్తయ్యా అంది. ఈసారి నా దగ్గర జవాబుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను. విని, లేచి పోయి, నా కత్తెర వెతికి తెచ్చి మిషను మీది పూలకుండీ పక్కన పెట్టింది.

మొదటి వరస ఇంకా విప్పలేదు. విప్పి తీరతాను.